ఒకరికి నోటీసు, ఒకరికి జైలు: హనుమకొండ చిట్టీల కేసు

ఇది 2024 జూలైకి ముందు, అంటే ఇంకా ఐపీసీ అమల్లో ఉన్నప్పుడు నమోదైన కేసు. ముద్దాయి తరఫు లాయర్‌ని నేను, కక్షిదారు అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. విచారణ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆయన నేరం చేశాడా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది, దాని జోలికి నేను పోను. ఊరంతా కోపంగా ఉన్న మనిషి మీద కేసు పెట్టేటప్పుడు చట్టం ఎట్లా కదులుతుందో, అదే పని చేసిన మంచిపేరున్న మనిషి విషయంలో ఎట్లా కదులుతుందో ఈ కేసులో పక్కపక్కనే కనబడింది. ముఖ్యంగా కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన లాయర్లు చదవాలని దీన్ని వివరంగా రాస్తున్నాను.

కేసు నేపథ్యం

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు చిట్టీ వేయని మధ్యతరగతి ఇల్లు తక్కువ. టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు, సింగరేణి కార్మికులు, ఎనుమాముల మార్కెట్లో అడ్తి వ్యాపారులు, ఎవరిని అడిగినా బిడ్డ పెళ్లికనో, ప్లాటు కొందామనో ఒక చిట్టీ నడుస్తూనే ఉంటుంది. నా కక్షిదారుది రిజిస్టర్డ్ కంపెనీ. ఆయన మేనేజింగ్ డైరెక్టర్. ఎక్కువగా నడిపింది ఐదు లక్షల చిట్టీలు: 50 మంది సభ్యులు, 50 నెలలు, నెలకు పది వేలు. పాటలో ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే ఆ నెల చిట్టీ వాళ్లది. తగ్గిన సొమ్ములో కంపెనీ కమీషన్ పోగా మిగిలింది అందరికీ డివిడెండ్. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కమీషన్‌ను 5 శాతానికి పరిమితం చేస్తే, 2019 సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది.

ఇంతవరకు అంతా చట్టప్రకారమే. చిక్కు వచ్చింది ఇంకోచోట. చిట్టీ పాడి డబ్బు తీసుకోవడానికి వచ్చినవాళ్లకు బ్రాంచిలో ఒక మాట చెప్పేవాళ్లు: "ఇప్పుడే తీస్కపోయి ఏం చేస్తరు? మా దగ్గరనే ఉంచుండ్రి, నూటికి రూపాయిన్నర మిత్తి ఇస్తం." ఒక తెల్ల రసీదు రాసిచ్చేవాళ్లు. చిట్టీ కంపెనీ ప్రభుత్వ అనుమతి లేకుండా వేరే వ్యాపారం చేయకూడదని చట్టంలో సెక్షన్ 12 చెబుతుంది. అట్లా ఉంచుకున్న డబ్బు ప్లాట్ల వెంచర్లలోకి పోయింది. వెంచర్లు అమ్ముడుపోలేదు. రిజిస్ట్రేషన్లు ఆగగానే డబ్బు తిరగడం ఆగింది. చిట్టీ పాడినవాళ్లకు మొదట నెల ఆలస్యం, తర్వాత మూడు నెలలు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు.

అదే రోడ్డు మీద ఇంకో కంపెనీ ఉంది. దాని పద్ధతీ ఇదే. తెల్ల రసీదూ అదే, మిత్తీ దాదాపు అంతే, వెంచర్లలో పెట్టుబడీ అదే, డబ్బు ఆగిన కాలమూ ఇంచుమించు అదే. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండో కంపెనీ ఉండటం వల్లే.

రెండిట్లో తేడా మనుషుల తీరులో ఉంది. రెండో కంపెనీ డైరెక్టర్ నిమ్మళస్తుడు. బాధితులు ఇంటికొస్తే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, ఆరు నెలల తర్వాతి తేదీ వేసిన చెక్కు రాసిచ్చి, భుజం తట్టి పంపేవాడు. ఆ చెక్కులు చెల్లలేదు. అయినా ఆయన మీద జనానికి కోపం రాలేదు, "పాపం, వెంచర్లల్ల ఇరుక్కున్నడు" అన్నారు. నా కక్షిదారుకు మొదటినుంచీ నోటి దురుసు ఎక్కువ. పెద్ద కారు, ఊరంతా ఫ్లెక్సీలు. బాకీలు ఆగిన ఏడాదే కూతురి పెళ్లి అట్టహాసంగా చేశాడు.

ఆ తర్వాత వీడియో. రిటైరైన ఒక అంగన్‌వాడీ ఆయా చిట్టీ పాస్‌బుక్ పట్టుకుని ఆయన ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి అడుగుతుంది. ఆయన కారు తలుపు తీస్తూనే, "నీ పైసలు నేనేం తినలే. కోర్టుకు పో, ఏం చేస్కుంటవో చేస్కో" అంటాడు. ఎవరో ఫోన్‌లో తీశారు. సాయంత్రానికల్లా అది పరకాల, నర్సంపేట వాట్సాప్ గ్రూపుల దాకా పోయింది. నేనూ చూశాను. ఆమె చేతిలో పాస్‌బుక్ అట్ట చినిగి, టేపు వేసి ఉంది. ఆ మాట అన్న మనిషిని ఇష్టపడటం ఎవరివల్లా కాదు, నావల్లా కాలేదు.

కేసు ఎట్లా పెరిగింది

ఆ ఆయా ఫిర్యాదు మీదే ఎఫ్ఐఆర్ నమోదైంది. మొదట పెట్టింది 420 (మోసం), 406 (నమ్మకద్రోహం) సెక్షన్లు. 420కి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న కేసుల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, ముందు సీఆర్‌పీసీ 41ఏ నోటీసు ఇచ్చి పిలవాలని, అరెస్టు తప్పదనుకుంటే కారణాలు రాతపూర్వకంగా చూపాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఆ నోటీసు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(3) కింద ఇస్తున్నారు. కాబట్టి ఆ రోజుకు ఆయనకు రావాల్సింది నోటీసు.

రెండు రోజుల తర్వాత ఆఫీసు ముందు పెద్ద ధర్నా జరిగింది. రోడ్డు బంద్. టీవీ చానళ్లు వచ్చాయి. ఆ సాయంత్రమే సెక్షన్ ఆల్టరేషన్ మెమో, అంటే సెక్షన్లు మారుస్తున్నామని పోలీసులు ఇచ్చే కాగితం, కోర్టులో పడింది. కొత్తగా 409 (బ్యాంకరు, ఏజెంటు లాంటివాళ్లు చేసే నమ్మకద్రోహం), దానితోపాటు 1999 డిపాజిటర్ల రక్షణ చట్టం సెక్షన్ 5 చేర్చారు. మరుసటి రోజు అరెస్టు.

ఆ మెమోను నేను చాలాసార్లు చదివాను. ఒకటిన్నర పేజీ. ఆ రెండు రోజుల్లో కొత్తగా దొరికిన పత్రం ఏదీ అందులో లేదు, కొత్త సాక్షి వాంగ్మూలం లేదు. ధర్నా గురించి ఒక పేరా ఉంది. 409 చేర్చితే రెండు పనులు జరుగుతాయి. దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది కాబట్టి ఏడేళ్ల రక్షణ పోతుంది. చార్జిషీట్ వేయకపోతే 60 రోజులకు హక్కుగా వచ్చే బెయిల్ 90 రోజులకు జరుగుతుంది. నేర తీవ్రత పెరిగినందువల్ల సెక్షన్ మారితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇక్కడ పెరిగింది జనం సంఖ్య.

అరెస్టు చేశాక పోలీసులు కోర్టుకు ఇచ్చిన రిమాండ్ రిపోర్టు మొదటి పేరాలో వీడియో ప్రస్తావన. రెండో పేరాలో కూతురి పెళ్లి ఖర్చు. చిట్టీ గ్రూపు నంబర్లు, ఎవరి డబ్బు ఏ ఖాతాలోంచి ఏ వెంచర్‌కు పోయింది అన్న వివరం మూడో పేజీలో గానీ రాలేదు, అదీ నాలుగు వాక్యాలే. అహంకారంగా మాట్లాడటం నేరం కాదు. పెళ్లి ఘనంగా చేయడమూ నేరం కాదు, చందాదారుల డబ్బుతో చేశాడని చూపిస్తే తప్ప. అది చూపించే ప్రయత్నం రిపోర్టులో లేదు. కానీ చదివేవాళ్ల మనసు మొదటి పేజీలోనే తయారైపోతుంది.

ఇది ఒక్క మన దగ్గరి సంగతే అనుకోవద్దు. అమెరికాలో మార్టిన్ ష్క్రెలీ అనే ఫార్మా కంపెనీ అధిపతి 2015లో డారాప్రిమ్ మందు ధరను 13.50 డాలర్ల నుంచి 750 డాలర్లకు పెంచాడు. దేశమంతా అతన్ని అసహ్యించుకుంది. ధర పెంచడం అక్కడ నేరం కాదు. అదే ఏడాది చివర అతన్ని అరెస్టు చేసింది అంతకుముందు నడిపిన హెడ్జ్ ఫండ్ల మోసం మీద. 2017లో జూరీ ఎనిమిది అభియోగాల్లో మూడింటిలో దోషి అన్నది, మరుసటి ఏడాది ఏడేళ్ల శిక్ష పడింది. అతను ఆ మోసం చేశాడని జూరీ తేల్చింది, దాన్ని నేను కాదనను. కానీ జూరీ సభ్యుల ఎంపికలో మందు ధర సంగతి తెలిసి ముందే మనసు విరిగినవాళ్లను వందల్లో పక్కకు పంపాల్సి వచ్చింది. మన దగ్గర జూరీ లేదు. మన దగ్గర ఆ వడపోత రిమాండ్ రిపోర్టు దగ్గరే జరగాలి, జరగడం లేదు.

పోల్చి చూపడం

రెండో కంపెనీ బాధితులు కూడా స్టేషన్‌కు పోయారు. వాళ్లకు చెప్పింది: "ఇది సివిల్ మ్యాటర్. సెక్షన్ 64 ఉంది, చిట్స్ డిప్యూటీ రిజిస్ట్రార్ దగ్గరికి పోండి." ఆ మాట చట్టంలో లేనిదేం కాదు. చిట్టీ నిర్వహణ తగాదాలు రిజిస్ట్రార్ మధ్యవర్తిత్వానికి పోవాలని సెక్షన్ 64 నిజంగానే అంటుంది. విచారణార్హమైన నేరం కనబడితే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013 లలితా కుమారి తీర్పు చెబుతూనే, వ్యాపార లావాదేవీల నేరాల్లో ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఎవరిని ఆ వెసులుబాటులోకి నెట్టాలి, ఎవరిని నేరుగా ఎఫ్ఐఆర్‌లోకి లాగాలి అన్నది స్టేషన్ చేతిలో ఉంది. పక్షపాతం వస్తే అక్కడినుంచే వస్తుంది. దీని వెనక ప్రతిసారీ డబ్బో, ఫోన్ కాలో ఉంటుందని నేను అనుకోను. రోడ్డు మీద రెండు వందల మంది కూర్చుంటే ఏదో ఒకటి చేశామని చూపించాల్సిన టెన్షన్ ఒక సీఐ మీద ఎంత ఉంటుందో నాకు తెలుసు.

సున్నితమైన కేసులు మినహాయించి ఎఫ్ఐఆర్లన్నీ 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది మాకు పనికొచ్చింది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చిట్టీ కంపెనీల మీద నమోదైన ఎఫ్ఐఆర్లు దించి, ఏ సెక్షన్లు పెట్టారు, ఆరోపణ ఏమిటి, అరెస్టా నోటీసా అని మా జూనియర్ ఒక పట్టిక తయారుచేసింది. రిజిస్ట్రేషన్ల శాఖకు ఆర్టీఐ పెట్టి, ఏ కంపెనీల మీద ఫిర్యాదులు వచ్చాయో, దేనికి షోకాజ్ ఇచ్చారో తీసుకున్నాం. ఒకే రకం ఆరోపణ, 420, 406 మాత్రమే, 41ఏ నోటీసు అన్న వరుసలు ఆ పట్టికలో చాలా కనబడ్డాయి.

బెయిల్ దగ్గర ఏం పనిచేసింది

మొదటి బెయిల్ పిటిషన్ కొట్టేశారు. పీపీ (ప్రభుత్వ లాయర్) వాదన అందరికీ తెలిసిందే. ఆర్థిక నేరాలు వేరే తరగతి అని 2013లో వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి బెయిల్ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట. మన రెండు రాష్ట్రాల్లో ఆర్థిక నేరం బెయిల్ అంటే ఆ తీర్పు రాకుండా ఉండదు.

రెండో పిటిషన్‌లో పట్టిక పెట్టాను. జడ్జి గారు వెంటనే అడిగారు: "వాళ్లను అరెస్టు చేయలేదని ఈయన్ని వదిలేయమంటారా?" చాలా సరైన ప్రశ్న. తప్పు చేసి తప్పించుకున్నవాడిని చూపించి నన్నూ వదిలేయండి అనే హక్కు మన రాజ్యాంగంలో లేదు. అక్రమంలో సమానత్వం అడగలేరని 1995లో చండీగఢ్ అడ్మినిస్ట్రేషన్ వర్సెస్ జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. "వాడినెందుకు పట్టలేదు" అన్న వాదనను నేరం తేల్చే దశలో వాడితే కేసుకు నష్టమే. ఈ సంగతి కక్షిదారుకు అర్థం చేయించడం నాకు కోర్టులో వాదించడంకంటే కష్టమైంది. ఆయనకు కావలసింది పక్కవాడు జైలుకు పోవడం.

నేను కోర్టుకు చెప్పింది ఇది. నేరం ఉందో లేదో తేల్చడానికి ఆ పట్టిక పనికిరాదు. అరెస్టు అవసరమా కాదా అని తేల్చడానికి పనికొస్తుంది. సీఆర్‌పీసీ 41వ సెక్షన్ అరెస్టుకు ఐదు కారణాలు చెప్పింది: మళ్లీ నేరం చేయకుండా ఆపడం, దర్యాప్తు సరిగా సాగడం, సాక్ష్యాలు చెరపకుండా చూడడం, సాక్షులను బెదిరించకుండా చూడడం, కోర్టుకు హాజరయ్యేలా చూడడం. ప్రజల ఆగ్రహం ఆరో కారణంగా చట్టంలో లేదు. పక్క కంపెనీ విషయంలో ఈ ఐదూ అవసరం పడలేదంటే, ఇక్కడ ఏ కొత్త వాస్తవం వల్ల అవసరం పడ్డాయో మెమోలో చూపించాలి. చూపించలేదు. 409 చేర్చడానికి ఆధారం ఏమిటో కూడా చూపించలేదు.

దానికి తోడు 2011 నాటి సంజయ్ చంద్ర తీర్పు. 2జీ స్పెక్ట్రం కేటాయింపుల కేసులో కార్పొరేట్ కంపెనీల పెద్దలు నెలల తరబడి తీహార్‌లో ఉన్నారు. అప్పుడు దేశంలో వాళ్లంటే ఎంత కోపం ఉందో ఆ కాలం చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బెయిల్ నిరాకరణను శిక్షగా వాడకూడదని చెప్పి సుప్రీంకోర్టు వాళ్లకు బెయిల్ ఇచ్చింది. 2017 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు ఆ కేసులో అందరినీ నిర్దోషులన్నది. సీబీఐ అప్పీలుకు పోయింది, అది వేరే సంగతి. నిర్దోషిగా తేలినవాడికి తీహార్‌లో గడిపిన నెలలను ఏ అప్పీలూ తిరిగి ఇవ్వలేదు.

బెయిల్ వచ్చింది. పాస్‌పోర్టు అప్పగించాలి, ఆస్తుల జాబితా అఫిడవిట్‌గా ఇవ్వాలి, వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టాలి. షరతులు న్యాయమైనవే.

అప్పటిదాకా ఆయన ఖమ్మం జిల్లా జైల్లో ఉన్నాడు. 2021లో వరంగల్ సెంట్రల్ జైలు కూల్చేశాక, ఇక్కడి రిమాండ్ ముద్దాయి కుటుంబానికి ములాఖత్ అంటే ఒక రోజు ప్రయాణం. లాయర్‌కు కూడా అంతే. కేసు తయారీ మీద దాని ప్రభావం చాలా ఉంటుంది.

భార్య, ఏజెంట్లు, పీడీ యాక్ట్

ఏ2గా, అంటే రెండో ముద్దాయిగా, ఆయన భార్యను పెట్టారు. కాగితాల మీద డైరెక్టర్. ఆఫీసుకు వచ్చింది దసరా పూజలకే. చిట్టీ డబ్బు వసూలు చేసి, తెల్ల రసీదులు రాసిచ్చి, దాని మీద కమీషన్ తీసుకున్న ఇద్దరు బ్రాంచి మేనేజర్లు మాత్రం చార్జిషీట్‌లో సాక్షులు. వాళ్లు స్థానికులు, బాధితులకు తెలిసినవాళ్లు, ధర్నాలో ముందు వరసలో కూర్చున్నవాళ్లు. పదవి ఉన్నంత మాత్రాన డైరెక్టర్ ముద్దాయి కాడని, నేరంలో అతని చురుకైన పాత్ర, నేరపు ఉద్దేశం చూపించాలని 2015 సునీల్ భారతీ మిట్టల్ తీర్పు చెప్పింది. దాని ఆధారంగా ఆమె మీద కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేశాం. ఆమె మీద కేసు కొట్టేశారు.

ధర్నాలో గట్టిగా వినిపించిన ఇంకో డిమాండ్ పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం. తెలంగాణ 1986 చట్టంలో తర్వాత ఆర్థిక నేరస్తులను కూడా చేర్చారు కాబట్టి ఆ డిమాండ్ గాలిమాట కాదు. పీడీ యాక్ట్ కింద పోతే బెయిల్ అన్న మాటే ఉండదు. ఇక్కడ బంకా స్నేహ షీలా వర్సెస్ తెలంగాణ తీర్పు ప్రతి లాయర్ దగ్గరా ఉండాలి. షేర్ మార్కెట్లో పెడతానని జనాన్ని మోసం చేశాడన్న ఆరోపణ మీద పెట్టిన పీడీ ఉత్తర్వును 2021లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొందరికి నష్టం జరగడం వేరు, ప్రజాజీవనమే అస్తవ్యస్తం కావడం వేరని, బెయిల్ వచ్చిందన్న కారణంతో నిర్బంధించకూడదని చెప్పింది. ఆ తీర్పు జతచేసి అధికారులకు ముందుగానే వినతి ఇచ్చాం. ఉత్తర్వు రాలేదు.

బాధితుల డబ్బు ఏమైంది

ఈ భాగం గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. చిట్టీ కంపెనీ దగ్గర డబ్బు గుట్టగా ఉండదు. ముందు చిట్టీ పాడి తీసుకున్నవాళ్లు నెలనెలా కట్టే వాయిదాలే తర్వాతి వాళ్లకు పోతాయి. ఎండీ అరెస్టయ్యాడని తెలిసిన రోజు, చిట్టీ తీసుకున్నవాళ్లు కట్టడం ఆపేశారు. "కంపెనీనే మునిగింది, మనం ఎవరికి కట్టాలె?" అన్నారు. షూరిటీలు ఫోన్లు ఆపేశారు. లెడ్జర్లు, ప్రాంసరీ నోట్లు పంచనామా చేసి పోలీసులు తీసుకుపోయారు, ఆఫీసుకు సీలు. ఎవరి దగ్గర ఎంత రావాలో లెక్క చూసే మనిషి ఖమ్మంలో, లెక్క రాసిన పుస్తకం స్టేషన్ మాల్‌ఖానాలో. పాటే పాడని ఆయా లాంటివాళ్లు మధ్యలో.

బెయిల్ రాగానే వేసిన మొదటి పిటిషన్ ఆ లెడ్జర్ల సర్టిఫైడ్ కాపీల కోసం. అవి వచ్చాక, చిట్‌ఫండ్స్ చట్టం సెక్షన్ 33 కింద బాకీదార్లకు రాతపూర్వక నోటీసులు పంపి, రిజిస్ట్రార్ దగ్గర కేసులు వేయించాం. ప్రతి గ్రూపుకూ కంపెనీ సెక్షన్ 20 కింద పెట్టిన సెక్యూరిటీ డిపాజిట్‌ను చందాదారులకు మళ్లించమని వాళ్ల తరఫు లాయర్ అడిగితే మేం అభ్యంతరం చెప్పలేదు. డబ్బు మెల్లగా వస్తోంది. ఆయాకు ఇప్పటికి సగంకంటే కొంచెం తక్కువ ముట్టింది. నోటీసు ఇచ్చి, పాస్‌పోర్టు తీసుకుని, ఆస్తులు జప్తు చేసి, ఆఫీసు తెరిచి ఉంచి వసూళ్లు నడిపిస్తే ఇంకా ఎక్కువ ముట్టేదని నా గట్టి నమ్మకం. అటు రెండో కంపెనీ మీద కేసే లేకపోవడంతో జప్తు కూడా లేదు. ఆ ఏడాదంతా వెంచర్ల ప్లాట్లు ఒక్కొక్కటే చేతులు మారాయి. చాయ్ తాగి చెక్కు తీసుకుని వచ్చినవాళ్లకు ఇప్పుడు జప్తు చేయించుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇలాంటి మనిషి కేసు ఎందుకు తీసుకున్నారని బార్‌లో కొందరు అడిగారు. ఒక ముద్దాయి తరఫున ఎవరూ వాదించకూడదని బార్ తీర్మానాలు చేయడం చెల్లదని 2010లో మొహమ్మద్ రఫీ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆ ప్రశ్నకు వృత్తిపరమైన జవాబు ఎప్పుడో వచ్చేసింది. నా సొంత జవాబు వేరే. మంచిగా మాట్లాడేవాడి చేతిలో మోసపోయినవాళ్లకు కూడా ఎఫ్ఐఆర్ కావాలి. ఆగ్రహాన్ని బట్టి చట్టం కదిలితే, ఆగ్రహం తెప్పించని మోసగాడి బాధితులకు ఏదీ దొరకదు.

ఇప్పుడు కేసు ఎక్కడుంది

మా పట్టిక కోర్టు రికార్డులో ఉంది కాబట్టి రెండో కంపెనీ బాధితుల లాయర్ దాని కాపీ తీసుకుని, ఎఫ్ఐఆర్ కట్టమని పోలీసులను ఆదేశించాలని మేజిస్ట్రేట్ దగ్గర సీఆర్‌పీసీ 156(3) కింద ప్రైవేటు ఫిర్యాదు వేశారు. ఎఫ్ఐఆర్ అయింది. 420, 406. ఆ డైరెక్టర్‌కు 41ఏ నోటీసు ఇచ్చారు, ఆయన హాజరయ్యాడు, అరెస్టు లేదు. నా కక్షిదారు ఆ వార్త పట్టుకుని కోపంగా వచ్చాడు. ఆయనకు చేసింది సరైనదే, మీకూ మొదటి రోజు అదే చేయాల్సింది అని చెప్పి పంపాను.

మా కేసులో 409 నుంచి తప్పించమని వేసిన డిశ్చార్జి పిటిషన్ నడుస్తోంది. ఒకే లావాదేవీలో మోసమూ, నమ్మకద్రోహమూ రెండూ కలిసి ఉండవని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మా ప్రధాన ఆధారం అదే. దానితోపాటు రెండో కంపెనీ డైరెక్టర్‌కు ఇచ్చిన 41ఏ నోటీసు కాపీని కూడా దాఖలు చేశాం. ఈ కేసుకు దానితో సంబంధం లేదని పీపీ అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం నమోదు చేసుకునే కోర్టు దాన్ని రికార్డులోకి తీసుకుంది. ఆల్టరేషన్ మెమో ఏ ఆధారం మీద వేశారో చెబుతూ దర్యాప్తు అధికారి కౌంటర్ దాఖలు చేయాల్సి ఉంది.